సూది బాబాయి సొంత రక్తం

మా బాబాయి ముప్ఫై ఏళ్లు రక్తపరీక్షల ల్యాబులో పనిచేశాడు. ఊళ్లో సగం మందికి నరం ఎక్కడ దొరుకుతుందో ఆయనకు తెలుసు. ముఖాలు మాత్రం గుర్తుండేవి కావు. వీధిలో ఎవరైనా పలకరిస్తే ముందు వాళ్ల మోచేతి మడత చూసి, ఆ తర్వాతే "ఆఁ, మీరా" అనేవాడు. అందుకే మాకు ఆయన సూది బాబాయి.

ఆయన గురకను బట్టి ఇంకో పేరు కూడా పెట్టొచ్చు గానీ, పోయినవారిని మరీ ఏడిపించకూడదు. గురకకు ఇంటిల్లిపాదీ అలవాటు పడ్డాం. పిన్ని భయమల్లా గురక ఆగినప్పుడే. మధ్యాహ్నం కునుకులో కూడా ఉన్నట్టుండి ఊపిరి నిలిచిపోయేది. పిన్ని వేళ్ల మీద లెక్కపెట్టి, పది దాటగానే భుజం తట్టేది. రెండు రకాల మాత్రలు మింగుతున్నా బీపీ దిగేది కాదు.

డాక్టరమ్మ నిద్ర పరీక్ష రాసింది, దాంతోపాటు సీఆర్‌పీ కూడా. ఒంట్లో ఎక్కడైనా వాపు రగులుతుంటే రక్తంలో పెరిగే అంకె అది. బాబాయి నిద్ర పరీక్షను వాయిదా వేసి, సీఆర్‌పీ మాత్రం తన ల్యాబులో తనే చేసుకున్నాడు. బాగా ఎక్కువ వచ్చింది.

"మిషన్ తేడాగా ఉంది," అన్నాడు.

ఏ రోగి ఆ మాట అన్నా నవ్వే మనిషి. మిషన్ సరిచూసి మళ్లీ పెట్టాడు. అంతే వచ్చింది. పరీక్ష మందు కొత్త సీసా విప్పి మూడోసారి పెట్టాడు. అంతే. సంగతి తెలిసి పిన్ని ల్యాబుకు వెళ్లి, కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది.

"నాదీ తియ్యండి."

"నీకేమైందే?"

"నాకేం కాలేదు. మిషన్‌కి ఏమైందో చూద్దాం."

పిన్నిది మామూలుగానే వచ్చింది.

"దానికి మీ మీదే పగ కాబోలు," అంది.

బాబాయి నెపాన్ని తన పుచ్చుపన్ను మీదికి నెట్టాడు. డాక్టరమ్మ కాదనలేదు. "పన్ను వల్లా పెరగొచ్చు. ఆ ఒక్క అంకెతో ఏదీ తేలదు. అందుకేగా నిద్ర పరీక్ష రాశాను."

చివరికి వెళ్లాడు. గంటకు నలభైసార్లు ఊపిరి ఆగుతోందని తేలింది. పడుకునేటప్పుడు పెట్టుకోవడానికి గాలి మాస్కు ఇచ్చారు. అదే వారం పన్నూ పీకించుకున్నాడు. ఆర్నెల్లకు బీపీ అదుపులోకి వచ్చింది, ఆ అంకె కూడా తగ్గింది. తగ్గించింది మాస్కా, పన్నా అని మొగుడూ పెళ్లాలకు చివరిదాకా తగువే.

మాస్కుతో గురక పోయింది. ఆ నిశ్శబ్దానికి పిన్ని మరింత హడలిపోయి భుజం తట్టేది. మాస్కు లోపలినుంచి గొణిగేవాడు: "ఉన్నానే, పడుకో."

అలా తొమ్మిదేళ్లు ఉన్నాడు.

మొన్న మధ్యాహ్నం పిన్ని పక్కన నడుం వాల్చాను. నిద్రలోనే ఆవిడ చెయ్యి వచ్చి నా భుజం తట్టింది.

"ఉన్నాను పిన్నీ," అన్నాను. "పడుకో."