రెండు డిగ్రీలు, ఒక ప్రస్థానం సంచి

మా అక్క ఒకేసారి రెండు డిగ్రీలు చదవబోయి, బుర్ర రెండు ముక్కలై, రెండూ పోగొట్టుకుందని మా ఇంట్లో చెప్పుకునే కథ శుద్ధ అబద్ధం. మొన్న ఆదివారం అన్నయ్య ఆ కథనే మళ్ళీ తన కూతురికి చెప్పాడు, అదీ నా ఎదురుగా, నేను పట్టుకెళ్ళిన పూతరేకులు తింటూ. ఆ పిల్ల ఇంటర్ అయిపోయింది. ఇప్పుడు ఒకేసారి రెండు డిగ్రీలు చదువుకోవచ్చట, రూలు మారిందట, ఎకనామిక్స్ ఒక కాలేజీలో చదువుతూ సైకాలజీ ఇంకోచోట చేస్తానంటుంది. అన్నయ్య వేళ్ళకంటిన పంచదార దులుపుకుని, "మీ పెద్దత్త సంగతి తెలుసుగా. రెండూ కావాలంది, ఏదీ లేకుండా పోయింది" అన్నాడు. నేను ఊరుకునే మనిషిని కానని మా వాళ్ళందరికీ తెలుసు. అందుకే వదిన ముందుగానే లేచి కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మాది నిడదవోలులో బట్టల కొట్టు. ముందు గదుల్లో కొట్టు, వెనక గదుల్లో మేము. తొంభైల చివర్లో అక్క రోజూ పాసింజరెక్కి తణుకు వెళ్ళి బీఎస్సీ చదివేది. వృక్షశాస్త్రమంటే దానికి పిచ్చి. రైలు కట్ట మీదా, కాలవ గట్టు మీదా ఏది మొలిస్తే అది పీక్కొచ్చి, పాత పేపర్ల మధ్య పెట్టి, నాన్న గుడ్డల తానుల కింద నొక్కిపెట్టేది. అంత బరువు ఇంకెక్కడా దొరకదని దాని వాదన. ఒకసారి పెళ్ళివాళ్ళకి పట్టుచీర మడత విప్పి చూపిస్తుంటే వయ్యారిభామ కొమ్మ ఒకటి పెళ్ళికూతురి తల్లి ఒళ్ళో రాలిపడింది. నాన్న తడుముకోకుండా, శుభసూచకమండి, పచ్చగా ఉంటారు అనేసి బేరం నిలబెట్టుకున్నారు. సాయంత్రం అక్కని తిట్టాల్సినంతా తిట్టారు గానీ తానుల కింద పేపర్లు మాత్రం తీయించలేదు. నాన్న మంచివారే. ఈ కథలో చెడ్డవాళ్ళెవరూ లేరు, ఉంటే నాకు తిట్టుకోవడానికి సులువుగా ఉండేది.

బీఎస్సీ రెండో ఏడు మొదట్లో అక్క రాజమండ్రి వెళ్ళి దూరవిద్యలో బీఏకి కట్టి వచ్చింది. చరిత్ర. అప్పటికి మొదటి డిగ్రీయే పూర్తి కాలేదు, రెండూ ఒకేసారి కూడదని ఎవరో అన్నారు, దూరవిద్యని ఎవరు పట్టించుకుంటారమ్మా అని ఇంకెవరో ధైర్యం చెప్పారు. సరిగ్గా కనుక్కోవడానికి మాలో ఎవరికీ ధైర్యం చాలలేదు, అడిగితే కుదరదంటారని. తణుకు పరీక్షలన్నీ వేసవి ముందే అయిపోయేవి, బీఏవి ఆ తరవాత వచ్చేవి, ఇవీ అవీ ఎప్పుడూ ఢీకొనలేదు. పొద్దున్న పచ్చటి ఆకులు, రాత్రి రాజులు. అన్నం తింటూ, ఆనకట్ట కట్టకముందు ఈ చుట్టుపక్కల ఏం తినేవాళ్ళు నాయనమ్మా అని అడిగేది. "ఏం తినేవాళ్ళమే? మేం అన్నమే తినేవాళ్ళం, నీలాంటివాళ్ళు మా బుర్రలు తినేవాళ్ళు" అనేది నాయనమ్మ. ఒకటి కడుపుకి, ఒకటి సరదాకి అని నాన్న వచ్చినవాళ్ళకి చెప్పుకునేవారు. ఏది కడుపుకో ఏది సరదాకో ఆయనకీ తెలీదు. ఒక మనిషికి రెండు ఇష్టాలుంటే అందులో ఒకటి అబద్ధమని మా వాళ్ళ నమ్మకం. నేనూ ఒకసారి అడిగాను, రెండిట్లో నీకు నిజంగా ఏది కావాలే అని. కాలవ గట్టు మీద కూర్చుని ఉన్నాం. "చెట్టుని చూస్తే దీన్ని ఇక్కడికి ఎవరు తెచ్చారా అనిపిస్తుంది. పాత సంగతులు చదివితే అప్పుడిక్కడ ఏం మొలిచేదా అనిపిస్తుంది. ఒకటి తీసేస్తే రెండోది సగమే కదే" అంది. రెండు డిగ్రీలు అవసరమా అనే ప్రశ్నకి ఇంతకన్నా మంచి జవాబు నేను ఇప్పటిదాకా వినలేదు.

అక్క బీఎస్సీ ఆఖరి ఏడాది ఏదో గొడవ వచ్చి ఒక పేపరు వాయిదా వేశారు. వేసి వేసి తెచ్చి ఒక గురువారం పొద్దున్న పెట్టారు. అదే గురువారం, అదే గంటకి రాజమండ్రిలో బీఏ పేపరు. తణుకు మాకు దక్షిణం, రాజమండ్రి తూర్పు. నిడదవోలు జంక్షన్లో పుట్టి పెరిగినవాళ్ళకి ఒక ప్లాట్‌ఫారం మీద నిలబడి రెండు దిక్కులు చూడటం కొత్త కాదు గానీ, రెండు బళ్ళూ ఎక్కడం ఎవరికీ చేతకాదు. నాన్న రెండు రోజులు ఆలోచించి, తణుకు వెళ్ళు, రాజమండ్రిది వచ్చే ఏడు రాసుకోవచ్చు అన్నారు. అక్క ఏమీ అనలేదు. మా ఇంట్లో ఆడపిల్ల ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టు లెక్క.

అప్పుడు నాయనమ్మ పంచాంగం తీసింది. గురువారం దక్షిణానికి వారశూల. ఆ దిక్కున బయల్దేరితే పని చెడుతుంది. మూడేళ్ళుగా ప్రతి గురువారం ఈ పిల్ల తణుకు వెళ్ళొస్తూనే ఉంది కదా అని నేనడిగాను. రోజూ వెళ్ళే దానికి శూల లేదుట, పని మీద వెళ్ళే దానికే ఉందట. చదువు పని కాదు, పరీక్ష పని. ఈ తేడా మా నాయనమ్మ తప్ప ఇంకెవరూ చెప్పలేరు. దీనికి విరుగుడు కూడా ఆవిడ దగ్గరే ఉంది, ప్రస్థానం. అంటే, మంచి వేళ చూసి మన గుడ్డో సంచో ముందురోజే ఆ దిక్కున ఉన్న వేరేవాళ్ళింట్లో పెట్టేస్తే ప్రయాణం అప్పుడే మొదలైపోయినట్టు. మర్నాడు ఆ సంచి తీసుకుని వెళ్ళిపోతే శూల అంటదు. శూలని అంత తేలిగ్గా మోసం చెయ్యొచ్చన్నమాట. బుధవారం సాయంత్రం నాయనమ్మ ఒక సంచిలో అక్క ఓణీ, పసుపు బియ్యం మూట పెట్టింది. మా వీధికి దక్షిణం కొసన నూనెల వ్యాపారం చేసే వాళ్ళ ఇల్లు ఉండేది. ఆ ఇంటావిడని పిన్నిగారనే వాళ్ళం. దీపాల వేళకి ముందే అక్క ఆ సంచి పట్టుకెళ్ళి వాళ్ళింట్లో పెట్టి వచ్చింది.

గురువారం పొద్దున్న అక్క తలంటుకుని, బొట్టు పెట్టుకుని తయారైంది. నాన్న పిన్నిగారింటికి సంచి కోసం వెళ్ళారు. ఇంటికి తాళం. తెల్లవారుజామున బండికి ఇంటిల్లిపాదీ పిఠాపురం వెళ్ళారని ఎదురింటివాళ్ళు చెప్పారు, మామగారి తద్దినం అక్కడ పెట్టడానికి. నాన్న ఉత్త చేతులతో వస్తే నాయనమ్మ ఓణీదేముందిలే అంది. అప్పుడు అక్క మెల్లగా, హాల్ టికెట్ కూడా ఆ సంచిలోనే ఉంది అంది.

తాళం పగలగొడదామన్నాను. తద్దినానికి వెళ్ళినవాళ్ళ ఇంటి తాళమా, రేపు వాళ్ళ మొహం ఎలా చూస్తాం అన్నారు నాన్న. హాల్ టికెట్ లేకపోయినా ప్రిన్సిపాల్ గారిని బతిమాలుకుంటే రాయనిచ్చేవారని తరవాత చాలామంది చెప్పారు. అన్నీ తెలిసినవాళ్ళు మా ఊళ్ళో తరవాతే వస్తారు. అక్క మాత్రం కంగారు పడలేదు. బీఏ హాల్ టికెట్ పుస్తకంలోంచి తీసి చేత్తో పట్టుకుని, చెప్పులేసుకుని, గడప దగ్గర నిలబడింది.

"రాజమండ్రి బండి ఉంది నాన్నా. అది రాసొస్తాను."

నాయనమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. దక్షిణానికి ప్రస్థానం పెట్టిన మనిషి తూర్పుకి వెళ్తే ఇంక చెప్పక్కర్లేదట, ఆ ప్రయాణం ఎటూ కాకుండా పోతుందట. నాన్న కొట్టు తలుపుల వైపు తిరిగారు. తరవాత అన్నారు.

"నీ ఇష్టం అమ్మా."

ఆ మాటకి మా ఇంట్లో అర్థం వద్దు అని. ఆ సంగతి అక్కడ పుట్టిన పిల్లలందరికీ తెలుసు. రాజమండ్రి బండి కూత వినిపించింది. మా ఇంటికి స్టేషన్ అంత దగ్గర. అక్క గడపకి ఇవతలే ఉంది. కాసేపటికి చెప్పులు విప్పి గోడ వారగా పెట్టి, లోపలికెళ్ళి తడి జుట్టు ఆరబెట్టుకుంది.

చదవలేక పోయిన పరీక్ష ఏది ఇందులో? నాకు చెప్పండి. ఆర్నెల్లకి సప్లిమెంటరీ వచ్చింది. ఒకటి పూర్తి చెయ్యమన్నారు నాన్న. రెండూ రాయనిస్తే రాస్తాను, ఒక్కటైతే రాయనంది. మళ్ళీ నీ ఇష్టం అన్నారు. ఆ మరుసటి ఏడు పెళ్ళయింది. నరసాపురంలో బావగారి కిరాణా కొట్లో ఇప్పటికీ మధ్యాహ్నం పూట గల్లాపెట్టె దగ్గర కూర్చుంటుంది. ఇంటింటికీ వివరాలు రాసుకోవడానికి వచ్చిన వాళ్ళు చదువు అన్న చోట ఇంటర్ అని రాసుకుని వెళ్తారు. మూడేళ్ళూ రెండేళ్ళూ కలిపి ఐదేళ్ళ చదువు ఎక్కడా రాయడానికి చోటు లేదు. రాసినా ఆ బీఏ చెల్లేది కాదని అన్నయ్య అంటాడు, కాకపోవచ్చు. ఒకే ఒక డిగ్రీ చదివిన నేను దానితో ఏం సాధించానని మాత్రం ఎవరూ అడగరు.

ఇదంతా మొన్న అన్నయ్యకి ఏకబిగిన చెప్పాను. వాడు, దాన్నే అడుగుదాం అని ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాడు. మేనకోడలు అడిగింది, రెండూ చదవనా పెద్దత్తా అని. కొట్లో ఎవరో పావుకిలో కందిపప్పు అడుగుతున్నారు. అక్క తూచి ఇచ్చేదాకా ఆగాం.

"ఏదో ఒకటి చదువుకోవే తల్లీ. రెండూ అనుకుంటే ఏదీ నీది కాదు" అంది.

అన్నయ్య నా వైపు చూశాడు. ఇన్నేళ్ళు నేను ఎవరి తరఫున వాదిస్తున్నానో ఆ మనిషే అవతలి పక్షాన కూర్చుంది. కాఫీ తెచ్చిన వదిన నేను మాట్లాడకపోవడం చూసి, ఒంట్లో బాలేదా అండి అని అడిగింది.

ఇంటికొచ్చాక ఒక సంగతి నన్ను పట్టుకుని వదలడం లేదు. ఆ గురువారం సాయంత్రం పిఠాపురం నుంచి వచ్చిన పిన్నిగారు సంచి తెచ్చిచ్చి, "నిన్న నువ్వొచ్చినప్పుడే చెప్పానుగా అమ్మాయ్, పొద్దున్నే మేం ఉండమని" అంది. తన తప్పు కప్పిపుచ్చుకుంటోందని అందరం అనుకున్నాం. హాల్ టికెట్ సంచిలో వేసింది నాయనమ్మేనని కూడా అనుకున్నాం. ఓణీ, పసుపు బియ్యం తప్ప నేనేమీ పెట్టలేదే అని ఆవిడ పోయేదాకా ఒట్టేస్తూనే ఉంది. నాన్న లేరు, నాయనమ్మ లేదు, పిన్నిగారి ఇల్లు ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు. కాలం అందర్నీ తీసుకుపోయి, ఆ తాళాన్ని మాత్రం నాకు వదిలేసింది. అక్కా, తణుకు వెళ్ళక్కర్లేకుండా ఆ హాల్ టికెట్ సంచిలో వేసింది నువ్వేనా? నువ్వే అయితే, అంత తెగించినదానివి, చెప్పులేసుకున్నదానివి, తూర్పు బండి కూత విని కూడా ఆ గడప ఎందుకు దాటలేదు?