మౌసుకి పెట్టిన బొట్టు

మా తోటికోడలి ఇంటికి కంప్యూటర్ వచ్చిన రోజు నుంచి మా అమ్మాయి నాకు కనిపించడం మానేసింది. విజయనగరంలో మాది రెండంతస్తుల ఇల్లు. కింద మేము, పైన మా మరిది వాళ్ళు. అమ్మాయి అప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. నాలుగింటికి కాలేజీ నుంచి రావడం, సంచీ మంచం మీద పడేయడం, నేను చేసిన ఉప్మా నిలబడే నాలుగు ముద్దలు తినడం, మెట్లెక్కేయడం. ఆ తర్వాత పైనుంచి నవ్వులు. నా దగ్గర కూర్చున్నప్పుడు ఆ పిల్లకి పళ్ళున్న సంగతే తెలిసేది కాదు.

తోటికోడలు పదో తరగతితో చదువు ఆపేసింది. ఇంట్లో జాకెట్లు కుడుతుంది. నేను ఎకనామిక్స్‌తో బి.ఏ. పాసయ్యాను. అలాంటప్పుడు కూతురు అన్నది ఎవరి దగ్గర కూర్చోవాలి? ఈ ప్రశ్న మా ఆయన్ని చాలాసార్లు అడిగాను. ఒకసారి మాత్రం పేపరు దించకుండానే జవాబు చెప్పారు.

"కంప్యూటర్ కోసం ఎల్తంది. నీ మీద కోపంతోనూ కాదు, మరదలి మీద ప్రేమతోనూ కాదు. ఒగ్గీయే."

"అయితే మనమూ కొందాం," అన్నాను. పేపరు అప్పుడు దిగింది.

పెట్టె, తెర ఆయన ఆఫీసులో తెలిసినాయన చేత తెప్పించారు. మిగిలినవన్నీ నేనే ఎంచుతానని పట్టుబట్టాను. ఎంచాలంటే ముందు పైన ఏమేమి ఉన్నాయో తెలియాలి కదా. తోటికోడలు పనసపొట్టు కూర పంపిన గిన్నె మా ఇంట్లోనే ఉండిపోయింది. ఉత్త గిన్నె ఇవ్వకూడదని అందులో నాలుగు అరిసెలు పెట్టుకుని మెట్లెక్కాను.

వెళ్ళేసరికి ఇద్దరూ తెర ముందు నిలబడి ఉన్నారు. తెర మీద జాకెట్టు వీపుకి వేసే నెమలి డిజైను. దాని మీద పల్చటి కాగితం పరిచి, మా అమ్మాయి రెండు చేతులతో మూలలు అదిమి పట్టుకుంటే, తోటికోడలు పెన్సిలుతో గీతలు దించుకుంటోంది. కాగితం జారింది. నెమలి మెడ వంకరపోయింది. ఇద్దరూ పగలబడి నవ్వారు.

"రా అక్కా, కూకో. సూడు, నీ కూతురు నా నెమలికి మెడ ఇరిసీసింది," అంది తోటికోడలు.

నేను కూర్చోలేదు. నెమలినీ చూడలేదు. తీగ లేని కీబోర్డు, తోక లేని మౌసు, అరచేతిలో పట్టే రెండు స్పీకర్లు. యూపీఎస్ లేదు. మనసులో రాసుకుని దిగిపోయాను.

గంటస్తంభం దగ్గర సందులో ఒక షాపు. యజమాని కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "ఏ పనికి కావాలమ్మా? పిల్లల సదువుకా, ఆఫీసు పనికా?" అని అడిగాడు.

ఏ పనికో నాకేం తెలుసు? "దీనికంటే పెద్దది చూపించండి," అన్నాను, మా తోటికోడలి దగ్గరున్నలాంటి స్పీకర్లు చూపించి.

అలా మా ఇంటికి మూడు ముక్కల స్పీకర్ల సెట్టు వచ్చింది. అందులో ఒకటి బియ్యం డబ్బా అంత. తోక లేని మౌసు వచ్చింది, కింద ఎర్రగా లైటు వెలిగేది. కీబోర్డుకి అంటించే తెలుగు అక్షరాల స్టిక్కర్లు, మేము ఎవరితోనూ మాట్లాడని కెమెరా వచ్చాయి. యూపీఎస్ అన్నిటికంటే ముందు కొన్నాను. అవి రోజూ కరెంటు తీసే రోజులు. కరెంటు పోగానే పైన తెర నల్లబడుతుంది, మాది వెలుగుతూనే ఉంటుంది. ఇక చచ్చినట్టు కిందికి రావాలి కదా అనుకున్నాను. కరెంటు పోయింది. మా యూపీఎస్ కుయ్ కుయ్‌మని అరిచింది. నేను మెట్ల వైపు చూస్తూ కూర్చున్నాను. వాళ్ళు గాలి కోసం డాబా మీదికి వెళ్ళారు.

"ఇల్లా, సినిమా హాలా?" అన్నారు మా ఆయన స్పీకరు పెట్టె మీద చెయ్యి వేసి. "దాన్ని అడిగినావా అసలు, ఏటి కావాలో?"

అడగలేదు. మర్నాడు అడిగాను, కానీ వేరేగా అడిగాను.

"మనింట్లోనే ఉంది కదే, ఇంకా పైకెందుకు?"

"పిన్నికి డిజైన్లు నేనే ఎతికి పెట్టాలమ్మా. తనకి రాదు కదా."

"నాకు మాత్రం వచ్చా?"

"రాదని నువ్వెప్పుడు అన్నావు?" అని మెట్లెక్కేసింది.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధపూజకి తోటికోడలు కుట్టుమిషనుకి పసుపు రాసి బొట్లు పెట్టిందని తెలిసింది. నేను తగ్గుతానా? తెరకి, పెట్టెకి, మూడు స్పీకర్లకి, యూపీఎస్‌కి గంధం, కుంకుమ పెట్టాను. మౌసు దగ్గర ఆగాను. వీపు మీద పెడితే చేతికంటుతుంది. అయినా వీపు మీద బొట్టేమిటి? దాని ముఖమేదో చూడాలి. తిప్పి చూస్తే వెలుగు కింది వైపు ఉంది. వెలుగున్నదే ముఖం అనుకుని, అక్కడ తడిగంధం నిండుగా అద్ది, కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టుకున్నాను.

రెండో రోజు మౌసు కదలలేదు. మా ఆయన బల్ల మీద రుద్దారు, ఒళ్ళో రుద్దారు. నేను దాన్ని చేతిసంచిలో వేసుకుని నేరుగా షాపుకి పోయాను. షాపు నిండా జనం. వాళ్ళందరూ వినాలనే గొంతు పెంచాను. చదువుకున్నదాన్ని మోసం చేయగలననుకున్నారా అన్నాను. నెల తిరక్కుండా పాడైపోయే సరుకు అమ్మడానికి షాపు దేనికన్నాను. యజమాని మౌసు తిప్పి చూశాడు. కళ్ళజోడు కిందికి దించి మళ్ళీ చూశాడు.

"అమ్మా, దీనికి బొట్టెవరు పెట్టినారు?"

"నేనే. పండక్కి పెట్టకూడదా?"

"పెట్టొచ్చమ్మా. కాపోతే మీరు దాని కంట్లో పెట్టీసినారు."

జేబురుమాలు కొస తడిపి తుడిచాడు. షాపు కంప్యూటరుకి తగిలిస్తే మౌసు లేచి పరుగెత్తింది. వెనకెవరో కిసుక్కుమన్నారు. నవ్వుకోనివ్వండి, సరే. కానీ ఓడిపోయి ఉత్త చేతులతో ఆ షాపు మెట్లు దిగడం నావల్ల కాదు. "మౌసు సంగతి తర్వాత. నేనొచ్చింది ప్రింటర్ కోసం," అన్నాను. అబద్ధమని ఆయనకీ తెలుసు. అయినా ఎంతో మర్యాదగా, "అలాగేనమ్మా, రంగులదా?" అన్నాడు.

"రంగులదే."

ప్రింటరుతో ఆటో దిగుతుంటే మేడ మీంచి తోటికోడలు చూసింది. నేను తాళం తీసేలోపు కిందికి వచ్చేసింది, వెనకే మా అమ్మాయి. ఆ సాయంత్రమే నెమలి కాగితం మీదికి దిగింది, మెడ తిన్నగా. తోటికోడలు కాగితాన్ని గుండెకి అదుముకుని, "బంగారం లాగుందక్కా. ఇంక మేం కిందకే వస్తాం," అంది.

వచ్చారు కూడా, రోజూ. నవ్వులు ఇప్పుడు మా ముందుగదిలో. అమ్మాయి నా బల్ల ముందు, నా కుర్చీలో. ఆ కుర్చీని ఆనుకుని తోటికోడలు. నేను అడిగింది ఒకరిని, వచ్చింది ఇద్దరు. ఒకరిని ఉంచుకుని ఒకరిని పంపే ఉపాయం నాకు దొరకలేదు. టీ పెట్టి ఇచ్చి పక్కన నిలబడేదాన్ని. ఒక్కోసారి మా అమ్మాయి, "అమ్మా, ఇది సూడు, ఈ రంగు బాగుందా?" అనేది. ఆ ఒక్క మాట కోసం ఎంతసేపైనా నిలబడేదాన్ని.

సంక్రాంతి ముందు మా మరిది గరివిడి ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి, పైకి వెళ్తూ మా గుమ్మంలో ఆగాడు.

"వదినా, మేం కూడా ప్రింటరొకటి కొనీదామనుకుంటన్నాం. మీది ఎలాగ పని సేస్తంది?"

కుర్చీలో మా అమ్మాయి వెనక్కి తిరిగింది.

"వద్దు," అన్నాను. "కాగితం నమిలేస్తుంది. నాలుగు రోజులు వాడకపోతే రంగులు గడ్డకడతాయి. ఇది కొని నేను పడుతున్నది చాలు. మీకెందుకు ఆ బాధ?"

"అక్కే సెప్పినాక ఇంకేటి, ఒగ్గీయండి," అంది తోటికోడలు. పాపం, నన్ను నమ్మింది. ఇద్దరూ పైకి వెళ్ళారు.

"అమ్మా, మనది ఒక్కసారి కూడా కాగితం నమల్లేదు," అంది మా అమ్మాయి.

"నోరు మూసుకుని కాగితాలు పెట్టు," అన్నాను.

పెట్టింది. వంచిన తల ఎత్తలేదు గాని, భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోంది.