నవ్వని రాజకుమారుడు

మా బిడ్డ ఒక మాయలోకపు నవల చదువుతూ అడిగింది: "నాయినా, గీ పిచ్చి రాజకుమారుడు నిజంగ అన్నను చంపెటోడేనా?"

అన్నకు గద్దె దక్కిందన్న కుళ్ళుతో అతను రోజూ అరిచి కుండలు పగలగొడతాడు.

"గింత లొల్లి చేసెటోడు చంపడు. చంపెటోడు నిమ్మలంగ నవ్వుతడు," అన్నాను.

"పెద్దనాయిన పేరెత్తితె నువ్వు గట్లనే నవ్వుతవు గద!"

తాండూరులోని తాతల బండల గనిని అన్న నన్నడగకుండా అమ్మినప్పటి నుంచి మాకు మాటల్లేవు. మా వంశంలో కోపమొస్తే గొంతెత్తే ఆచారం లేదు, నవ్వుతాం.

ఆ ఆదివారం వికారాబాద్‌లో తాండూరు బస్సెక్కాను. అన్న గుమ్మంలోకి నవ్వుతూ వచ్చాడు. నాకు భయమేసి, ముందు నేనే అరిచాను. కాసేపటికి ఆయనా అరిచాడు. వదిన ఇద్దరికీ చాయ్ పెట్టింది.