స్కానర్ అద్దానికి బొట్టు

ఒక్క బొట్టుతో ఒక ఆఫీసు దాణా బిల్లులన్నింటినీ మాయం చేసిన ఘనుణ్ణి నేను. నమ్మకపోతే షామీర్‌పేట కోడిపిల్లలనడగండి, సాక్షి సంతకాలు అవే చేశాయి.

కంప్యూటర్ డిప్లొమా ముగించి, మేడ్చల్‌లో జంగారెడ్డి గారి కోళ్లఫారాల ఆఫీసులో కొత్తగా చేరాను. దీపావళి దాకా పని చూసి ఖాయం చేస్తానన్నారు. లెక్కల సాఫ్ట్‌వేర్‌లో రెండు డేటాబేసులు పెట్టాను. పద్దులకొకటి, స్కాన్ చేసిన బిల్లులకొకటి. రెండోది ఊబకాయం తెచ్చుకోకుండా స్కానింగ్ నలుపు తెలుపుల్లోనే. పద్దు మీద నొక్కితే బిల్లు తెరమీదికి రావాలి. ఇంత చక్కగా ఆలోచించిన బుర్ర ఈ కథలో మీకు మళ్లీ కనిపించదు.

దసరాకు ఆయుధపూజ. జంగారెడ్డి గారి తల్లిని అందరం అవ్వ అనేవాళ్లం. ఆమె కుంకుమ గిన్నె నా చేతికిచ్చి, "నీ మిషన్లకు నువ్వే పెట్టు బిడ్డా" అంది. స్కానర్ దగ్గర ఆగి ఆలోచించాను. కత్తికి బొట్టు పిడి మీద కాదు, అలుగు మీద పెడతారు. మరి స్కానర్‌కు అలుగేది? అద్దం. మూత ఎత్తి, ఊడిపోకుండా గంధంతో కలిపి, అద్దం నడుమ రూపాయి బిళ్లంత బొట్టు పెట్టాను.

మర్నాటి నుంచి బిల్లులు స్కాన్ చేశాను. మూత ఎత్తినప్పుడల్లా బొట్టుకు దండం పెట్టుకుని, కాగితాన్ని దాని మీదే బోర్లించేవాణ్ణి. ప్రతిదీ సేవ్ అయిందనేది కంప్యూటర్. ఒక్కటైనా తెరిచి చూశానా? బీరువాలో పెట్టిన నగను రోజూ ఎవరు తీసి చూస్తారు చెప్పండి!

అన్నీ అయ్యాక, ఇక కాగితాలతో పనిలేదని ప్రకటించాను. ఏదీ వృథా పోనివ్వని జంగారెడ్డి గారు ఆ కట్టలను షామీర్‌పేట షెడ్డుకు పంపి, కొత్తగా దిగిన కోడిపిల్లల కింద పరిపించారు.

వారం తిరక్కముందే పన్నుల ఆఫీసరు వచ్చి దాణా బిల్లులు చూపమన్నాడు. పెళ్లికొడుకులా కూర్చుని ఒక పద్దు మీద నొక్కాను. బిల్లు వచ్చింది. నడుమ నల్లటి గుండ్రం. బరువూ ధరా దాని కిందే. ఇంకొకటి తెరిచాను, అదే గ్రహణం. ఏది తెరిచినా గ్రహణమే.

"గిదేందయ్యా?" అన్నారు జంగారెడ్డి గారు.

"బొట్టు సార్."

"ఎవలకు పెట్టినవ్?"

"అద్దానికి."

ఆయన చూసిన చూపుకు నా దీపావళి అక్కడే పేలిపోయింది.

బండి మీద షామీర్‌పేటకు ఉరికాను. కోడిపిల్లలను పక్కకు నెట్టుకుంటూ చిక్కినన్ని ఏరుకొచ్చాను. కాగితాలు కోళ్లపాలయ్యాక అద్దం తుడిస్తే ఏం లాభం?

ఆఫీసరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని తెరనూ కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు. "అండ్ల బొట్టు, ఇండ్ల రెట్ట. నన్ను ఏది సదువుమంటవ్ తమ్మీ?"

చివరికి గడువిచ్చాడు. దాణా మిల్లుల చుట్టూ తిరిగి, బతిమాలి నకళ్లు తెచ్చాను. ఉద్యోగం నిలిచిందంటే అవ్వ అడ్డం పడబట్టే. పోరడు మంచోడే, భక్తే జర ఎక్కువైందని కొడుకుకు నచ్చజెప్పిందట.

మరుసటి దసరాకు మాత్రం గిన్నె నా చేతికివ్వలేదు. "మిషన్లకొద్దు. గీ పోరని నొసటికే పెడ్త. ఏమన్న ఖరాబైతే వీని కాడనే ఆగుతది" అంది.

ఆ బొట్టు సాక్షిగా ప్రమాణం చేశాను. అద్దమున్న యంత్రానికి బొట్టు పెట్టను. తెరిచి చూడందే సేవ్ అయిందని నమ్మను. కోడిపిల్లలకు, ఎంత బతిమాలినా సరే, బిల్లులు చూపించను.