అతుకు పడని గొడ్డలి

ఇరవై ఆరేళ్ళు కార్ఖానా కొలిమి దగ్గర పనిచేసినా మా వీధి గొడ్డళ్ళాయనకు ఒక్క జత నల్ల కళ్ళద్దాలు ఇవ్వలేదు. ఒకసారి అడిగితే మేస్త్రీ, పెళ్ళిచూపులకు వెళ్తున్నావా అన్నాడట. అందరూ నవ్వారు. ఆయనా నవ్వేసి ఊరుకున్నాడు.

పని మానేశాక ఇంటి వెనక రేకుల షెడ్డులో కొలిమి పెట్టుకున్నాడు. పెద్దకూతురు చేత్తో గాలి కొట్టే బ్లోయర్ తిప్పేది, సమ్మెట వేసేది. మెత్తని ఇనుప గొడ్డలికి అంచున గట్టి ఉక్కు ముక్క అతకడం వాళ్ళ పని. అతుకు పట్టడానికి వెలిగారం పొడి చల్లి కాచి, సరిగ్గా నిమ్మపండు రంగు రాగానే దాగలి దిమ్మె మీదకు తెచ్చి కొట్టాలి. ముందే తీస్తే అతకదు. ఆలస్యమైతే ఉక్కు మాడి పొడిపొడిగా రాలిపోతుంది. రంగు బాగా తెలియాలని షెడ్డుకు కిటికీ కూడా పెట్టలేదాయన.

కొన్నాళ్ళుగా గొడ్డళ్ళు వరసగా మాడిపోసాగాయి. ఉక్కు నాసిరకమన్నాడు, బొగ్గు తడిసిందన్నాడు. ఒకరోజు కూతురే అంది:

"చాలు నాన్నా, తెల్లబడిపోయింది. తీసెయ్."

"ఇంకా పసుపే రాలేదు. నాకే నేర్పుతావా?"

ఆ ముక్క కూడా మొదటి దెబ్బకే పగిలింది. గాలి ఎక్కువ కొట్టావని, నీ చేతికి పని అబ్బదని, పక్కింటివాళ్ళు వింటుండగా అరిచాడు. ఆమె సమ్మెట గోడకు ఆనించి బయటికి నడిచింది. మర్నాడే గేట్లు తయారుచేసే షాపులో చేరింది.

ఏడాది తర్వాత గుమ్మం తట్టుకుని పడితే గానీ ఆయన కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళలేదు. రెండు కళ్ళలోనూ ముదిరిన శుక్లం. తెల్లనిది పసుపుగా, పసుపుపచ్చనిది ఎర్రగా కనిపిస్తుందని, ఏళ్ళ తరబడి నిప్పులోకి చూసినవాళ్ళకు ఇది మామూలేనని డాక్టరు చెప్పింది. ఆపరేషనయ్యాక కొలిమి రాజేసి, పాత అలవాటు కొద్దీ మునుపు కాచినంతసేపూ కాచాడు. ఇనుము కూతురు అన్నట్టే తెల్లగా మండుతోంది. కొలిమి ఆర్పేశాడు.

అదే రోజు గేట్ల షాపుకు వెళ్ళాడు.

"తప్పు నీ చేతిది కాదే అమ్మాయ్. నా కంటిది."

"కంటికి ఆపరేషనుంది నాన్నా. నువ్వన్న మాటకేది?"

ఆమె ఇంటికి వచ్చిపోతూనే ఉంది, కంట్లో చుక్కలూ వేస్తుంది. షెడ్డులోకి మాత్రం అడుగుపెట్టదు. ఆయన ఒక్కడే అతుకు వేయలేక కత్తులు సానబట్టి కాలం వెళ్ళదీస్తున్నాడు.

మీ వీధిలో కొలిమి ముందో బట్టీ ముందో కూర్చునేవాళ్ళుంటే ఈ వారమే కంటి పరీక్షకు వెంటబెట్టుకు వెళ్ళండి. వాళ్ళతో పనిచేయించుకునే యజమాని ఉంటే ఏటా ఆ పరీక్ష చేయించమని నిలదీసి అడగండి. వాళ్ళు ఇంట్లో ఎవరినీ తిట్టకముందే అడగండి.