పప్పు తింటే చీము పడుతుందట

2023 వానాకాలం. నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి డ్రెస్సింగ్ రూములో నాకు అప్పటికి పద్దెనిమిదేళ్ళ సర్వీసు. షుగరు పుండ్లన్నీ నా చేతికే వస్తాయి. ఈ పనిలో వాసనకు అలవాటు పడ్డాను, రక్తానికి అలవాటు పడ్డాను, పేషెంట్లు చెప్పే అబద్ధాలకు మాత్రం ఇంతవరకూ అలవాటు పడలేదు. స్వీటు ముట్టనే లేదంటారు, మూతికి జిలేబీ పాకం అంటుకొనే ఉంటుంది.

మస్తాన్ గారు ముత్తుకూరులో టైలరు. యాభై దాటినాయి, పదేళ్ళుగా షుగరు. కొత్త చెప్పు కరిచి కుడికాలి బొటనవేలు పుండైంది. మా దగ్గరికి వచ్చేసరికే వేలు నల్లబడిపోయింది, సర్జన్ గారు తీసేసినారు. మిగిలిన గాయానికి రోజు మార్చి రోజు డ్రెస్సింగ్. స్లఫ్ అంటే గాయానికి పసుప్పచ్చగా పట్టుకొనే చచ్చిన కండ. దాన్ని నేను గీకి తీసేస్తే, అడుగున ఎర్రగా కొత్త కండ పుట్టాల. ఆరు వారాలైనా ఆయనకు బియ్యపు గింజంత కూడా పుట్టలేదు.

ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపల రగిలే వాపు, ఎంతుందో చెప్పే రక్తపరీక్ష ఒకటుంది, సీఆర్పీ. అది దిగలేదు. ఇన్సులిన్ పెంచినా షుగరు మూడు వందల కిందికి రాలేదు. ఇంకో పది రోజులు చూస్తాం, మారకపోతే పాదం తీసేయాల్సిందే అని సర్జన్ గారు చెప్పేసినారు. మిషను తొక్కే కాలు అదే సార్ అని మాత్రం అన్నారు మస్తాన్ గారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. బయట దొంగచాటుగా పరోటాలు లాగిస్తున్నారా, బిర్యానీనా, నిజం చెప్పండి అని నిలదీసినాను. కఠిన పథ్యం సిస్టర్, ఒక్క పూట కూడా తప్పలేదని ఒట్టేసినారు. నెత్తీ నోరూ కొట్టుకొని డైట్ చార్టు మళ్ళీ ఇచ్చినాను. మీ కాలు మీరే కోసుకుంటున్నారు అని నలుగురి ముందర అనేసినాను కూడా. ఆయన తల వంచుకొని కూర్చున్నారు. చూసినావా, దొరికిపోయినాడు అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత మళ్ళీ వచ్చినారు. వాన వల్ల డాక్టరు గారు ఆలస్యమైతే, వరండాలో ఆయన అక్క ఖాదర్‌బీ క్యారియరు విప్పింది. మస్తాన్ గారి భార్య చనిపోయినప్పటి నుంచి ఈమే వండి పెడుతుంది. పోతా పోతా తొంగి చూసినాను. ఒక గిన్నె నిండా తెల్లన్నం, మీద వెల్లుల్లి కారం, నెయ్యి. రెండో గిన్నెలోనూ అన్నమే, చారు కలిపింది. పప్పేది, గుడ్డేది, చేప ముక్కేది అని అడిగినాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది నన్ను.

"పుండున్నోడికి పప్పు పెడతారా సిస్టర్? చీము పట్టదూ?"

ఇది ఆమె ఒక్కదాని మాట కాదు. మా తమ్ముడికి ఆపరేషనైనప్పుడు, ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మా అమ్మ కూడా ఇదే చేసింది. పప్పు చీము, గుడ్డు వేడి, చేప నీచు, వంకాయ దురద. అన్నీ తీసేయగా మిగిలేది అన్నం, కారం. మామూలు రోజుల్లో మస్తాన్ గారింట్లో రాగిసంగటి, ఆకుకూర పప్పు, వారానికి మూడు పూటలు చేప. షుగరు మనిషికి అంతకంటే మంచి తిండి నేను రాసివ్వలేను. జబ్బు రాగానే ఖాదర్‌బీ దాన్నే ఆపేసి, మూడు పూటలా షుగరు పెంచే తెల్లన్నం పెట్టింది. కొత్త కండ పుట్టడానికి కావాల్సిన ప్రోటీను చుక్క లేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది మన పథ్యం!

చార్టులో గుడ్డు అని రాసిచ్చినాను కదమ్మా అన్నాను. ఇచ్చినారు అంది, అంతే. నేను గొంతు పెంచినాను. నీ పథ్యమే నీ తమ్ముడి కాలు తీసేస్తా ఉంది అన్నాను. ఆమె మూత కింద పెట్టింది.

"నా మొగుడికి ఇట్నే పుండైంది సిస్టర్. నోరు చచ్చిపోయిందంటే ఒక్క పూట చేపల పులుసు పెట్టినా. నెల తిరక్కముందే పోయినాడు. నేనే చంపినానని మా అత్త ఇప్పటికీ అంటది. తమ్ముణ్ణి కూడా చంపుకోమంటారా?"

నా కోపమంతా ఎక్కడికి పోయిందో తెలీదు. పక్కన కూర్చొని అడిగితే, ఆయనకూ షుగరేనట, మందులు సరిగ్గా వేసుకోలేదట. చేపకూ చీముకూ సంబంధం లేదమ్మా, అదుపులో లేని షుగరే పుండును ముదరబెడుతుంది, ఆయన పోయింది నీ పులుసు వల్ల కాదు అని చెప్పినాను. ఇంకోసారి చెప్పమంది, చెప్పినాను.

కిడ్నీలు చెడినవాళ్ళకు ప్రోటీను పెంచకూడదు, మస్తాన్ గారివి బాగున్నాయి కాబట్టి ఆ పూట నుంచే గుడ్లు, పప్పు, చేప మొదలైనాయి. అన్నం ఒక్క కప్పు, రాత్రికి చిన్న సంగటి ముద్ద. ఎనిమిదో రోజు కట్టు విప్పితే, అంచున గోరంత మేర ఎర్రగా కండ. సర్జన్ గారు కోత వాయిదా వేసినారు. ఇన్సులిన్, యాంటీబయాటిక్సు పనిచేయలేదని నేననను. కానీ అవి ముందు ఆరు వారాలూ ఇస్తూనే ఉన్నాం. గాయం పూర్తిగా మానడానికి ఇంకో మూడు నెలలు పట్టింది.

అబద్ధాలకోరని తిట్టినందుకు మస్తాన్ గారికి క్షమాపణ చెప్పినాను. మా పేషెంట్లలో అందరికంటే మాట విన్న మనిషి ఆయనే, కాకపోతే విన్నది నా మాట కాదు. ఏం తినాలో చార్టులో రాసిచ్చి చేతులు దులుపుకున్నానే గానీ, ఎందుకు తినడం లేదని పద్దెనిమిదేళ్ళలో ఒక్కరినీ అడగలేదు.

ఆఖరి డ్రెస్సింగు రోజు ఖాదర్‌బీ ఎవరికో ఫోను కలిపి నా చేతికిచ్చింది. మా అత్త, ఆ పులుసు మాట ఆమెకు కూడా చెప్పండి అంది. చెప్పినాను, అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్పినాను. ముసలామె అంతా విని, అవన్నీ మీ ఆసుపత్రి మాటలు అని ఫోను పెట్టేసింది. మళ్ళీ కలుపు, ఈసారి గట్టిగా చెప్తానన్నాను.

"వద్దులే సిస్టర్," అంది ఖాదర్‌బీ. "నమ్మకపోతే పోనీ. నేను చంపలేదని ఇన్నేళ్ళకు ఒకరు ఆమెకు చెప్పినారు."