మిరుగం దాటిన జొన్నలు

మా పెద్దబాపు పోయాడు. వానలు వెళ్లిపోయాయో ఇంకా ఉన్నాయో తెలియని రోజుల్లో, పొద్దున ఛాయ్ తాగి గ్లాసు కింద పెట్టి, గోడకు ఒరిగి అలాగే ఉండిపోయాడు. కునుకు తీస్తున్నాడనుకుని పెద్దమ్మ ఫ్యాన్ తగ్గించిందట. సూరత్‌లో మావాళ్లందరికీ కబురు చేరేసరికి మబ్బు పట్టింది. పాడె లేచేసరికి ఎండ కాసింది. మగవాళ్లు తిరిగొచ్చేసరికి తడిసి ముద్దయ్యారు. ఆ రోజు నుంచి నాకు ఏదీ సరిగ్గా అర్థం కావడం లేదు. మీకు చెబుతూ చెబుతూ నేనే అర్థం చేసుకుందామని ఇది రాస్తున్నాను.

పెద్దబాపు అంటే మా నాన్నకు అన్న. కరీంనగర్ దిక్కు నుంచి పవర్‌లూమ్ పనికి వచ్చి, మమ్మల్నందరినీ ఇక్కడికి లాక్కొచ్చింది ఆయనే. మగ్గాల మోతకు చెవులు పోయాయి కాబట్టి మామూలు మాట కూడా కేకే. మేముండే కోసాడ్ కాలనీలో ఆయన ఉప్పు అడిగితే కింది అంతస్తులో ఎవరో "ఇస్తున్నా" అనేవారు. పని మానేశాక కాలనీ వెనక ఒక గుజరాతీ రైతు పొలంలో మూల జాగా సంపాదించాడు. ఆ రైతును మేమంతా కాకా అంటాం. చెరుకుకు పనికిరాని మూల అని ఊరికే ఇచ్చాడు.

అందులో పెద్దబాపు వేసేది ఒకటే, పచ్చజొన్న. ఊరు విడిచి వచ్చేటప్పుడు మూట కట్టుకొచ్చిన ఇంటి విత్తనం. ఇప్పుడు మా ఊళ్లో చూసినంత మేరా పత్తి, మక్కజొన్న. ఒకసారి పెళ్లికి వెళ్లి ఇంటింటా అడిగాడు, గుప్పెడు పచ్చజొన్న విత్తనం ఎవరి దగ్గరా దొరకలేదు. "ఇగ మన దగ్గర ఉన్నదే ఉన్నది" అని చెప్పి, వంటింట్లో విత్తనాల స్టీలు డబ్బాను పై అరకు ఎక్కించాడు. అది పోతే ఆ జొన్న పోయినట్టే.

మిరుగం కార్తెలో, అంటే మృగశిరలో, తొలకరికే విత్తాలి. అది ఆయన పట్టు. మా ఊళ్లో మిరుగం వాన నేలను తడిపి ఊరుకుంటుంది, జొన్న లేస్తుంది. సూరత్‌లో సముద్రం మీది గాలి ఊగుతూ వచ్చి పడితే నల్లరేగడి బురద మోకాలి దాకా వస్తుంది. జొన్న గాలికి పడుకుంటుంది. పడనిది కంకిలోనే బూజుపట్టి నల్లబడుతుంది. అయినా మరుసటి ఏడు మళ్లీ మిరుగానికే. స్కూల్లో గుజరాతీలో చదువుకున్నది నేను ఒకరోజు ఆయనకు విడమరచి చెప్పాను.

"ఒకటే గాలి పెద్దబాపూ. నీళ్లు నింపుకొని ముందుగాల ఈడికే అస్తది. గందుకే ఈడ చెరుకు, అరటి. ఆడికెల్లి కొండలెక్కి అడవులల్ల కుమ్మరిస్తది. మనూరు దాక పొయ్యేసరికి శాన తక్కువైతది. గందుకే మన దిక్కు జొన్న, కంది."

"అంటే ఈళ్లు తాగంగ మిగిలిందా మనకచ్చేది?" అని గట్టిగా అరిచాడు. కాలనీ మొత్తం విన్నది. తూర్పు సముద్రం నుంచి కూడా మనకు వాన వస్తుందని చెప్పాకగానీ శాంతించలేదు. "గట్ల చెప్పు మరి" అన్నాడు. ఆ తర్వాత ఊరికి రైలెక్కినప్పుడల్లా కిటికీ వదిలేవాడు కాదు. చెరుకు పోయి టేకు, టేకు పోయి పత్తి, చివరికి మన తంగేడు కనిపించేదాకా చూసేవాడు. ఏమనుకునేవాడో అడిగితే చెప్పలేదు.

జొన్నను కాపాడటానికి ఒక ఏడాది మగ్గపువాడి తెలివే చూపించాడు. బట్ట కట్టడం మనకు తెలిసిన పని కదా అని, మిల్లులో పక్కన పడేసిన పాలిస్టర్ చీర ముక్కలు తెచ్చి కంకి కంకికీ కట్టాడు. రంగురంగుల తలపాగాలతో చేను పెళ్లిపందిరిలా ఉండేది. కాకా మనవరాళ్లు ఫొటోలు దిగారు. విప్పి చూస్తే లోపల ఉక్కకు గింజలన్నీ కంకి మీదే మొలకెత్తి ఉన్నాయి. నేను నవ్వాను. ఆయన కూడా నవ్వాడు, కాసేపు. తర్వాత డబ్బాలో వేయడానికి బాగున్న గింజలు ఏరుతూ పొద్దుగూకే దాకా కూర్చున్నాడు.

కాకా ప్రతి ఏడూ ఒకే మాట చెప్పేవాడు. వాన వెళ్లాక, ఉత్తరపు గాలి మొదలయ్యాక, నేలలో మిగిలిన తడికి జొన్న వెయ్యి భాయ్, చలికాలంలో మేం తినే లేత జొన్న అలా వచ్చేదే అని. మీ విత్తనం సంగతి మాత్రం నాకు తెలియదు అని కూడా అనేవాడు. పెద్దబాపు జవాబు ఎప్పుడూ "చూద్దాం తియ్." అది ఆయనకు సరే అనడం. కాదనడం కూడా. ఇక లేచి వెళ్లమనడం కూడా అదే.

ఈ ఏడాది మిరుగం నాడు ఆనవాయితీగా చేపలు తెప్పించాడు, ముళ్లు తీసి నాకు పెట్టాడు. డబ్బా మాత్రం దించలేదు. "జొన్నలెయ్యవా?" అంటే "చూద్దాం తియ్" అన్నాడు. ఒళ్లు బాగా లేకనా? కాకా మాటకు ఒప్పుకున్నాడా? విసిగిపోయాడా? అప్పుడు గట్టిగా అడగవలసింది. ఇప్పుడు ఎవరిని అడగను? కొన్నిసార్లు ఆయన మీదే కోపం వస్తుంది.

దినాలు అయ్యాక కాకా వచ్చాడు. "హవా బదల్ గయీ" అన్నాడు. గాలి నిజంగానే మారింది, ఆరేసిన బట్టలు ఇప్పుడు సముద్రం వైపు ఊగుతున్నాయి. తడి ఆరకముందే వేస్తే వేయండి, లేకపోతే ఆ మూల పాప్డీ చిక్కుడు పెట్టుకుంటాను అన్నాడు. ఇప్పుడు వేసి మొలవకపోతే విత్తనమే లేదు. వచ్చే మిరుగం దాకా ఆగితే పురుగు పట్టదని నమ్మకమేమిటి? సగం వేసి సగం దాద్దామన్నాను.

"ఆ సగం మళ్ల ఎప్పుడేసుడు? అప్పుడు గూడ గిదే లొల్లి" అంది పెద్దమ్మ. స్టూలెక్కి డబ్బా తనే దించింది.

"మరి పెద్దబాపు ఏమనుకున్నడో..."

"నాకు మాత్రం ఎరుకనా బిడ్డా? అడిగితె చెప్పినోడా!" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఈ ఊళ్లో ఆమె ఆ చేను ముఖం చూసింది లేదు, అదొక పిచ్చి అనేది. మర్నాడు పొద్దున గింజలన్నీ కొంగులో ఒడి కట్టుకుని బయల్దేరింది. కొత్తగా పెళ్లయిన రోజుల్లో ఊళ్లో ఆయన నాగలి పట్టి ముందు నడుస్తుంటే, వెనక సాల్లో గింజలు విడిచింది తనేనని దారిలో చెప్పింది. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. కాకా ముందే ట్రాక్టరుతో సాళ్లు తీయించి వెళ్లిపోయాడు, చేలో మేమిద్దరమే. పెద్దమ్మ వంగి గింజలు విడుస్తూ నడిచింది. సాలు చివరికి వచ్చి ఆగింది. ముందు ఎవరో ఎడ్లను మళ్లించుకుంటున్నట్టు, వాళ్లకు చోటిస్తూ రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది. కాసేపు చూసి, తర్వాతి సాల్లోకి దిగింది.